చర్చ: మూడో నంబరు జెండా అంటే ఏంటి? రేకుల ఇంట్లో ఉంటున్నాం

సోంపేట కొత్తకాపురం:
ఈ ఏడే ఇక్కడికి వచ్చాం. సిమెంటు రేకుల ఇల్లు, సముద్రం రెండు కిలోమీటర్లు. టీవీలో వాయుగుండం అంటున్నారు, కళింగపట్నంలో మూడో నంబరు జెండా అంట. అంటే ఏంటి? రేకులకు ఏం చేయాలి? తుపాను తర్వాత బావి నీళ్ళు తాగొచ్చా?

ఉద్దానం జీడి:
రేకుల సంగతి తర్వాత. 2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను, తెల్లవారుజాము. ఈశాన్యం గాలి కొట్టి కొట్టి టక్కున ఆగింది. మా మామ టార్చి పట్టుకుని తోట చూసొస్తానని లేచాడు. అత్త కండువా పట్టి లాగింది కాబట్టి ఉన్నాడు. కాసేపటికి ఎదురు వైపు నుంచి వచ్చింది రెండో గాలి. మొదటిదానికి వంగిన కొబ్బరి చెట్లు దీనికి విరిగాయి. గాలి అలా ఒక్కసారిగా ఆగితే తుపాను పోయిందనుకోకండి. దాని కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు, మీ నెత్తిమీదుంది.

పూసపాటిరేగ వల:
3 అంటే రేవు దగ్గర ఈదురుగాలులు, అంతే. 10 వస్తేనే ఇల్లు వదలాలి. 8, 9కి పర్లేదు. హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళం.

రేవు మనిషి:
"పర్లేదు" ఏంటండీ? మూడు తరాలుగా మాది రేవు పనే. 8, 9, 10 మూడూ మహాప్రమాదమే. తేడా తుపాను రేవుకి ఎటు పక్క నుంచి దాటుతుందన్నదే. 10 అంటే రేవు మీదుగా, లేదా బాగా దగ్గరగా. 11 అయితే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. జెండా కూడా కాదమ్మా, పగలు బుట్టల్లాంటివి, రాత్రి దీపాలు కడతారు.

పూసపాటిరేగ వల:
మీరు రేవులో కూర్చుంటారు, మేం నీళ్ళలోకి వెళ్తాం. ఒడ్డునున్నవాళ్ళకి పెద్ద నంబరంటే పెద్ద తుపానే.

రేవు మనిషి:
అందుకే వలలు పోగొట్టుకునేది.

పూసపాటిరేగ వల:
వలల మాట ఎత్తితే మర్యాద ఉండదు. హుద్‌హుద్‌కి నాకు పోయింది ఎంతో మీకు తెలుసా?

రాజాం వరి:
అందరూ గాలి గాలి అంటారు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది, మాకు దెబ్బ వానతో. చేలల్లో నీరు దిగలేదు. పొట్ట మీదున్న వరికి ఏం చేయాలో ఎవరైనా చెప్తారా?

మందస మేస్త్రీ:
రేకుల మీద ఇసుక బస్తాలు వేస్తారు చూడండి, గాలి రేకు కిందకి దూరితే బస్తాతో సహా లేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలు. హుక్కు బోల్టులు బిగించండి, కిటికీలు మూసే ఉంచండి. "గాలి ఇటొచ్చి అటుపోతుంది" అని తెరిచేవాళ్ళ కప్పులు నేనే మళ్ళీ వేశాను. అయినా చీకటి పడకముందే స్కూలు డాబాకి వెళ్ళిపోవడమే మేలు. ఈ మాట ఉచితం, మేస్త్రీ కూలి వేరే.

ఉద్దానం జీడి:
కప్పు వారంలో వేస్తావు బాబూ. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. పడిన చెట్లు రాసుకుపోయినాయన మళ్ళీ కనపడలేదు.

పలాస బ్యాటరీ:
నీళ్ళు ముందే పట్టుకోండి. కరెంటు పోయాక ట్యాంకు నింపడానికి జనరేటరువాళ్ళు గంటకింత అంటారు, ఫోను చార్జింగుకి వేరే. మా ఊళ్ళో ఒకాయన ఆ పదిరోజుల్లో బండి కొన్నాడు.

ఉద్దానం జీడి:
జనరేటరు కాదు, చెట్లు కోసే మిషను ఎవరి దగ్గరుందో కనుక్కో. రోడ్డు తెరవందే ఏ బండీ రాదు.

సోంపేట కొత్తకాపురం:
రెండు డ్రమ్ములు నింపాను. మా ఆయన బస్తాలు పట్టుకుని పైకెక్కాడు, మేస్త్రీగారి మాట చదివి దిగమన్నాను. హుక్కు బోల్టులు ఇక్కడ ఏ కొట్లో దొరుకుతాయి? బావి సంగతి ఎవరూ చెప్పలేదు.

పూసపాటిరేగ వల:
9 కంటే 10 పెద్దదే.