మూడు మందులకు లొంగని బీపీ, అడ్రినల్ గ్రంథి: అనుభవాలు పంచుకోగలరు

మిర్యాలగూడ ఆయకట్టు రైతు:
మా అన్నకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా 170/110 కంటే దిగడం లేదు, పొలం గట్టు ఎక్కబోతే తొడల్లో సత్తువ ఉండడం లేదు. రక్తపరీక్షలో పొటాషియం తక్కువగా, 2.9 వచ్చింది. డాక్టరు గారు అల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు రాశారు. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథికీ బీపీకీ ఏమిటి సంబంధం?

ల్యాబ్ టెక్నీషియన్, నల్లగొండ:
చాలా దగ్గరి సంబంధం ఉందన్నా. ఒంట్లో నీరు గానీ బీపీ గానీ తగ్గినప్పుడు మూత్రపిండాలు రెనిన్‌ను వదులుతాయి. దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించడమే కాక, అడ్రినల్ గ్రంథి బయటి పొర నుంచి అల్డోస్టిరాన్‌ను విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను మూత్రంలోకి పోతున్న సోడియంను వెనక్కి లాగి పొటాషియంను బయటికి పంపుతుంది, సోడియం వెంట నీరూ ఒంట్లో నిలుస్తుంది. ఎండలో చెమటోడ్చిన కూలీకి బీపీ పడిపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే. అయితే గ్రంథిలో చిన్న గడ్డ ఏర్పడినా, రెండు గ్రంథులూ మితిమీరి పనిచేసినా, రెనిన్ అడుగంటిన తర్వాత కూడా అల్డోస్టిరాన్ తయారవుతూనే ఉంటుంది. 1955లో జెరోమ్ కాన్ వివరించిన జబ్బు ఇదే. పొటాషియం సరిగ్గా ఉన్నవారిలోనూ ఇది ఉంటుంది కాబట్టి, మందులకు లొంగని బీపీ ఉన్న ప్రతివారూ ఈ పరీక్ష గురించి అడగాలని నా గట్టి అభిప్రాయం.

పాలమూరు ఆడబిడ్డ:
మా అమ్మది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అన్నంలో కలుపుకున్నది చాలక ఉత్త ఉప్పు నోట్లో వేసుకునేది. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడ్డాయి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. బీపీ 90/60, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. పూర్వం వచ్చిన టీబీ గ్రంథులను దెబ్బతీసిందని, దీన్ని అడిసన్ జబ్బు అంటారని చెప్పారు. ఇప్పుడు గ్రంథులు చేయలేని హార్మోన్లకు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలతో తన పని తాను చేసుకుంటున్నది. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచుతాము, వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్ చేయిస్తాము.

దేవరకొండ వాసి:
మా వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. నొప్పికని తెచ్చుకునే మాత్రల్లో స్టెరాయిడ్ ఉందేమో దయచేసి అడిగి తెలుసుకోండి. వారాల తరబడి వాడితే సొంత అడ్రినల్ గ్రంథి, బీపీని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోనును చేయడం తగ్గిస్తుంది. అప్పుడు ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మా పెద్దనాన్న అలాగే స్పృహ తప్పారు. మోతాదును మెల్లగా తగ్గించే పని డాక్టరుకే వదలాలి.

మిర్యాలగూడ ఆయకట్టు రైతు:
అందరికీ కృతజ్ఞతలు. అన్న వాడే వాటిలో స్పైరనోలాక్టోన్ కూడా ఉంది. పరీక్షకు అడ్డమా?

ల్యాబ్ టెక్నీషియన్, నల్లగొండ:
అది అల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే మందు కాబట్టి ఫలితాన్ని మార్చగలదు. సాధారణంగా నాలుగు వారాల ముందు ఆపుతారు, కానీ అంత బీపీతో సొంతంగా ఆపవద్దు, బదులు మందు డాక్టరే రాస్తారు. ముందుగా పొటాషియంను సరిచేయించండి, ఉప్పు కొత్తగా తగ్గించకండి. ఉదయం లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. జబ్బు నిర్ధారణ అయితే సీటీ స్కాన్ చేస్తారు, అవసరమైతే రెండు గ్రంథుల సిరల నుంచి విడివిడిగా రక్తం తీసి చూస్తారు. తప్పు ఒకవైపే ఉంటే ఆ గ్రంథిని ఆపరేషన్‌తో తీయవచ్చు, రెండువైపులా ఉంటే స్పైరనోలాక్టోన్ వంటి మందులే కొనసాగిస్తారు.