శ్రీహరికోట ప్రయోగం తేదీ మాటిమాటికీ మారుతోంది, పిల్లల్ని ఏ రోజుకు బయల్దేరదీయాలి?

హాలియా ట్యూషన్ మేడమ్:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా హాలియా. ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఇంట్లోనే ట్యూషన్ చెప్తాను. రాకెట్ పైకి లేవడం మా పిల్లలకు కళ్లారా చూపించాలని ఎన్నాళ్లుగానో కోరిక. వీళ్ల అమ్మానాన్నలు చాలామంది వరి మీద బతికేవాళ్లు. సముద్రం చూసిన పిల్లలు కూడా తక్కువే.

పోయినసారి పేపర్లో తేదీ చూసి తుఫాన్ బండి మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చాను. ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లను ఒప్పించాను. తేదీ జరిగింది. కొత్త తేదీకి మళ్లీ అందరినీ అడిగాను, అదీ జరిగింది. బండి ఓనరు అడ్వాన్స్ తిరిగి ఇయ్యనన్నాడు. అప్పటికి కోతలు మొదలయ్యాయి, పిల్లల్ని పంపమని ఏ తల్లినీ అడిగే పరిస్థితి లేదు.

ఈసారి ముందే తెలుసుకుని దిగాలనుకుంటున్నా. తేదీలు ఎక్కడ చూడాలి? ఏ దశకు వచ్చాక దాన్ని నమ్మి డబ్బు కట్టాలి? ఫోన్లో ఒక యాప్ వేసుకుంటే అందులో నెలాఖరు తేదీ, పొద్దున 5:30 అని ఉంది. పేపర్లో ఆ నెల రెండో వారం అన్నారు. రెంటిలో ఏది నిజం? అసలు నిమిషాలతో సహా టైమ్ ఎందుకు మారుతుంది? పిల్లలు అడుగుతున్నారు, సరిగ్గా చెప్పాలని ఉంది.

దేవరకొండ ఫిజిక్స్:

మేడమ్, నేను దేవరకొండ దగ్గర సర్కారు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ప్రతి ప్రయోగానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెడతాను. పేజీలో మూడు గళ్లు: చెప్పిన తేదీ, అది మనకు తెలిసిన రోజు, మార్చిన కారణం. పాత తేదీని చెరపను. మీద ఒక గీత కొట్టి కింద కొత్తది రాస్తాను. కొన్ని పేజీల్లో గీతలే ఎక్కువుంటాయి. మీకు ఆ మూడో గడి బాగా పనికొస్తుంది. కారణం తెలిస్తే అది గంటల్లో తేలుతుందా, నెలలు పడుతుందా అన్నది మనమే చాలావరకు పట్టుకోవచ్చు.

సెకన్ల మార్పులతో మొదలుపెడతాను. 2024 డిసెంబర్ 30న స్పేడెక్స్ ఉపగ్రహాలను తీసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ రాత్రి 9:58కి లేవాలి. దాన్ని 10 గంటల 15 సెకన్లకు మార్చారు. ముందనుకున్న టైమ్‌కు వదిలితే దారిలో వేరే ఉపగ్రహాలకు దగ్గరగా వెళ్లే ప్రమాదం ఉందని లెక్కల్లో తేలింది. 2025 డిసెంబర్ 24న ఎల్‌వీఎం3-ఎం6 కూడా 8:54కి బదులు 90 సెకన్లు ఆలస్యంగా లేచింది, అదే కారణంతో. ఇలాంటి వార్త వస్తే కంగారు పడకండి. రాకెట్ ఆ రోజే వెళ్తుంది.

గంటల మార్పుకు, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం చేసిన టీవీ-డీ1 పరీక్ష మంచి ఉదాహరణ. 2023 అక్టోబర్ 21న పొద్దున 8 గంటలకు అనుకున్నారు. 8:30 అన్నారు, 8:45 అన్నారు. చివరికి ఇంకా 5 సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. టీవీ ముందున్న మా పిల్లలు ఒక్కసారిగా చల్లబడిపోయారు. లోపం ఏమిటో కనుక్కుని సరిచేసి సరిగ్గా 10 గంటలకు వదిలారు. అక్కడిదాకా వెళ్లి, ఆగిపోయింది కదా అని గేటు వైపు నడిచినవాళ్లు ఎంత పోగొట్టుకునేవారో ఆలోచించండి. ఆపారనగానే లేవకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

ఒక రోజు వెనక్కి జరిగేవి కొన్ని. ప్రోబా-3 మోసిన పీఎస్‌ఎల్‌వీ-సీ59 అలాంటిదే. 2024 డిసెంబర్ 4న సాయంత్రం 4:08కి పోవాలి. ఉపగ్రహంలో తేడా కనిపించి ఆపారు. మర్నాడు 4:04కి పోయింది. మీరు బండిని ఒక్క రోజుకే మాట్లాడుకుని ఉంటే ఇలాంటప్పుడు దగ్గరి దాకా వెళ్లి చూడకుండా రావాల్సి వస్తుంది. అందుకే రెండో రోజు కూడా ఆగుతానన్న బండినే మాట్లాడండి, ఆ మాట అడ్వాన్స్ రసీదు మీద రాయించుకోండి.

రాకెట్‌లోనే లోపం దొరికితే లెక్క మారుతుంది. చంద్రయాన్-2ను 2019 జూలై 15 తెల్లవారుజామున 2:51కి అనుకుని, 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపారు. అప్పటి రాష్ట్రపతి కూడా అక్కడే ఉన్నారు. వెళ్లింది జూలై 22 మధ్యాహ్నం 2:43కి. అంతకుముందు జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్ సంగతి ఇంకా కష్టం. 2013 ఆగస్టు 19న రెండో దశలో (రాకెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి మండే భాగాల్లో రెండోది) ఇంధనం లీకై ఆపితే, మళ్లీ ఎగిరేసరికి 2014 జనవరి 5 వచ్చింది. లీక్ అన్న మాట వినగానే ఆ వారానికి పెట్టుకున్న టికెట్లు రద్దు చేసుకోవడం మంచిది.

ఇక ప్రయోగమే విఫలమైతే దాని వెనకున్న తేదీలన్నీ కదులుతాయి. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది. తర్వాతి పీఎస్‌ఎల్‌వీ లేచేసరికి 2026 జనవరి 12 వచ్చింది. అదీ మూడో దశ దగ్గరే దారి తప్పింది. ఇలాంటప్పుడు అదే రకం రాకెట్‌కు పేపర్లో ఏ నెల రాసినా నమ్మి డబ్బు కట్టొద్దు.

పిల్లలు అడిగిన నిమిషాల సంగతికి వస్తాను, నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. ఉపగ్రహం తిరగాల్సిన కక్ష్య తలం, అంటే ఆ దారి పరిచినట్టుండే పళ్లెం లాంటి చదును, అంతరిక్షంలో దాదాపు ఒకే వైపు నిలిచి ఉంటుంది. దాని కింద భూమి తిరుగుతుంటుంది. శ్రీహరికోట ఆ తలం కిందికి వచ్చినప్పుడే రాకెట్‌ను వదలాలి. ఆలస్యమైతే దారి సరిచేసుకోవడానికి ఇంధనం తగలెయ్యాలి. ఆ అనువైన సమయాన్నే లాంచ్ విండో అంటారు. చంద్రయాన్-2కు మొదటి రోజు అది 10 నిమిషాలుంటే, రెండోసారి ఒక్క నిమిషమే.

భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు చాలావరకు సూర్యుడితో పాటు తిరిగే కక్ష్యలో ఉంటాయి. ఆ తలం రోజుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున జరుగుతూ సూర్యుణ్ణి అనుసరిస్తుంది. అందుకని ప్రయోగం రోజు మారినా గడియారంలో టైమ్ దాదాపు అదే ఉంటుంది. 2025 జూలై 30న నైసార్‌ను సాయంత్రం 5:40కి పంపారు. అది ఉదయం, సాయంత్రం సంధ్య గీత (పగలు, రాత్రి కలిసే చోటు) వెంబడి తిరిగే ఉపగ్రహం, అందుకే ఆ వేళ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లేవాటికి ఇలా కుదరదు. మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్లిన ఆక్సియమ్-4 చూడండి. 2025 జూన్ 11న అనుకున్నప్పుడు మన టైమ్ సాయంత్రం 5:30. చివరికి జూన్ 25న వెళ్లినప్పుడు మధ్యాహ్నం 12:01. ఆ రెండు టైమ్‌ల తేడాను 14 రోజులతో భాగించమనండి. రోజుకు ఇరవై మూడు నిమిషాల పైచిలుకు ముందుకు వస్తోందని పిల్లలే కనిపెడతారు. మా తొమ్మిదో తరగతితో బోర్డు మీద చేయించాను, సైన్స్ అంటే ముఖం తిప్పేసే పిల్ల ముందుగా చెప్పింది.

కుజుడైతే 26 నెలలకోసారే అనుకూలంగా వస్తాడు. మంగళ్‌యాన్‌కు 2013 అక్టోబర్ 28 నుంచి నవంబర్ 19 దాకానే వీలుంది. రాకెట్‌ను కనిపెట్టుకుని ఉండాల్సిన నౌక పసిఫిక్‌లో వాతావరణం బాగాలేక సమయానికి చేరలేదు. అందుకని నవంబర్ 5కు జరిపారు. శ్రీహరికోటలో అంతా సిద్ధంగా ఉన్నా, ఎక్కడో సముద్రంలో గాలివాన తేదీని మార్చగలదు.

పాలమూరు డిగ్రీ స్టూడెంట్:

సార్ అంతా చెప్పారు, యాప్ సంగతి నేను చెప్తాను మేడమ్. మాది జడ్చర్ల, స్పేస్ లాంచ్ నౌ, నెక్స్ట్ స్పేస్‌ఫ్లైట్ రెండూ రోజూ చూస్తాను.

మీకు కనిపించిన నెలాఖరు తేదీ, 5:30 అనేవి నిజం టైమ్ కావు. తేదీ ఖరారు కాకపోతే యాప్ వాళ్లు ఖాళీ వదలకుండా నెల చివరి రోజు పెడతారు. టైమ్ సున్నా గంటలు అని వేస్తారు. అది గ్రీనిచ్ లెక్క. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి మన ఫోన్లో పొద్దున 5:30 అని పడుతుంది. అలా గుండ్రంగా 5:30 కనిపిస్తే ముందు అనుమానించండి. పక్కన టీబీడీ అని ఉంటే ఇంకా ఏమీ తేలలేదన్నట్టు. ఎన్‌ఈటీ అని ఉంటే ఆ తేదీకి ముందైతే జరగదు, తర్వాత ఎప్పుడైనా కావచ్చు అని అర్థం.

అమెరికా ప్రయోగాలు చూసేవాళ్లకు ఇంకో మాట. ఫ్లోరిడా టైమ్‌కు ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కలపాలి. అక్కడ రాత్రి ప్రయోగమంటే మనకు చాలాసార్లు మర్నాడు పొద్దున అవుతుంది. తేదీ కూడా మార్చుకోవాలి.

సూర్యాపేట ప్రయాణీకుడు:

అక్కా, బండి కంటే రైలు గురించి ఆలోచించు. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో నారాయణాద్రి ఎక్కితే తెల్లవారుజామున గూడూరులో దిగొచ్చు. అక్కడి నుంచి చెన్నై వైపు పోయే బండ్లు సూళ్లూరుపేట మీదుగానే పోతాయి. తేదీ జరిగితే టికెట్ రద్దు చేసుకుంటే కొంతైనా డబ్బు తిరిగొస్తది, బండి అడ్వాన్స్ లెక్క పూర్తిగా పోదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యలోంచి రోడ్డు. చలికాలంలో ఫ్లెమింగోలు ఉంటాయి, పిల్లలకు అది కూడా చూపించు.

హాలియా ట్యూషన్ మేడమ్:

సార్, తమ్ముడూ, అన్నా, చాలా థాంక్స్. 5:30 సంగతి వినగానే ప్రాణం కుదుటపడింది. ఇంకో రెండు అడుగుతాను. లోపలికి వెళ్లి చూడటానికి ముందే పేర్లు ఇయ్యాలంట కదా, అది ఎప్పుడు? ఈ ఏడు అసలు వెళ్లలేకపోతే మా సాగర్ దగ్గర నుంచి ఏమైనా కనిపిస్తుందా?

దేవరకొండ ఫిజిక్స్:

శ్రీహరికోటలో చూసేవాళ్ల కోసం గ్యాలరీ ఉంది మేడమ్. ఇస్రో వాళ్లు ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు. సీట్లు తొందరగా అయిపోతాయి, పిల్లల ఆధార్ నంబర్లు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. మీరు డబ్బు ఎప్పుడు కట్టాలి అన్నదానికి నా జవాబు ఇదే: ఇస్రో నిమిషాలతో సహా టైమ్ ప్రకటించాలి, రిజిస్ట్రేషన్ తెరవాలి. అప్పుడే కట్టండి.

అంతకుముందే సూచన కావాలంటే నోటమ్ చూడండి. రాకెట్ దశలు పడే చోట విమానాలు తిరగొద్దని ఇచ్చే హెచ్చరిక అది. ఓడలకూ అలాంటిదే వేరేగా ఇస్తారు. నోటమ్‌లో వరసగా చాలా రోజులు, రోజుకు కొన్ని గంటలు రాసి ఉంటుంది. అది ప్రయోగం టైమ్ కాదు, ఆ రోజుల్లో ఎప్పుడైనా వదలడానికి సముద్రం, ఆకాశం ఖాళీగా ఉంచమని చెప్పడం. మీకు ఉపయోగం ఏమిటంటే, మొదటి రోజు వాయిదా పడినా ఏ తేదీ దాకా మళ్లీ ప్రయత్నిస్తారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఒక్క రోజు చెప్పకుండా ఆ రోజులన్నీ చెప్పండి.

సాగర్ నుంచి శ్రీహరికోట గాలి దారిన 330 కిలోమీటర్ల చిల్లర. భూమి వంపు అడ్డం కాబట్టి రాకెట్ దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తు దాటాకే మనకు పైకొస్తుంది. పగలు ఆశ పెట్టుకోవద్దు. రాత్రి ప్రయోగమై, ఆకాశం తేటగా ఉంటే దక్షిణానికి కాస్త తూర్పుగా, చాలా కిందుగా ఎర్రటి చుక్క కదులుతూ కనిపించవచ్చు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు. చూడాల్సింది ఆ పిడికిలి లోపలే. అందుకని ఆ వైపు గుట్ట గానీ చెట్లు గానీ లేని చోటు పగలే వెళ్లి చూసుకోండి. లేచాక ఒక నిమిషం పైనే ఓపిక పట్టాలి. ఫోన్లో లైవ్ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది కాబట్టి గడియారం చూసి ఆకాశం చూడమనండి.

హాలియా ట్యూషన్ మేడమ్:

గుట్ట లేని చోటు మా పిల్లలకే తెలుసు సార్, ఈ ఆదివారం తీసుకెళ్లి చూసొస్తాం. మూడు గళ్ల పేజీ ఈ రోజే ట్యూషన్ గోడకు అంటిస్తున్నా. ఆక్సియమ్ లెక్క రేపు ఇస్తాను.