స్నోడన్ హార్స్‌షూ: గైడ్ ఉంటే కొత్తవాళ్ళకి పర్వాలేదా?

పటమటవాసి:
జులైలో మా పెద్దాడి దగ్గరికి మాంచెస్టర్ వెళ్తున్నాం. వేల్స్‌లో స్నోడన్ కొండ మీద హార్స్‌షూ అని రోజంతా నడకట, గైడ్‌ని పెట్టి నాకూ బుక్ చేస్తానంటున్నాడు. 1085 మీటర్లేగా నాన్నా అంటాడు. నాకు 54, షుగర్ లేదు, మంగళగిరి మెట్లెక్కి పానకాల స్వామిని చూసొచ్చినా ఆయాసం రాదు. కానీ ఫొటోల్లో జనం కత్తి అంచులాంటి రాళ్ళ మీద పాక్కుంటూ పోతున్నారు, అవి చూసి మా ఆవిడ అప్పుడే వద్దంటోంది. ఎవరైనా వెళ్ళారా?

కృష్ణలంక_టు_లివర్‌పూల్:
నేను వెళ్ళాను బాబాయ్ గారూ. ఆయాసం సమస్యే కాదు, నడక మొదలయ్యే పెన్-ఇ-పాస్ దగ్గరే 359 మీటర్లు ఉంటుంది. మధ్యలో రెండు చెరువులు, వాటి చుట్టూ గుర్రపు లాడంలా తిరిగే కొండ అంచు, మొత్తం 11-12 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఏడెనిమిది గంటలు. మీరు ఫొటోల్లో చూసింది క్రిబ్ గోఖ్, 923 మీటర్లు, అది మొదట్లోనే వస్తుంది. అక్కడ చాలామంది అంచు మీద నిలబడి నడవరు, రెండు చేతులతో అంచుని పట్టుకుని కాళ్ళు కాస్త కిందగా ఎడమవైపు పెట్టుకుంటూ జరుగుతారు, కుడివైపు చూస్తే నిలువునా లోయ. రాయి పొడిగా ఉంటే బూటు బాగానే పడుతుంది. తడిసి, పైగా గాలి కూడా తోడైతే మాత్రం నేనైతే పోను, ఎందుకంటే సగం దూరం పోయాక "నా వల్ల కాదు" అంటే వెనక్కి రావడం ఇంకా కష్టం.

బ్రాడీపేట_నాలుగోలైను:
గైడ్ ఉన్నాడా అని కాదండీ, ఏ గైడ్ అని అడగాలి. అక్కడ మౌంటెన్ లీడర్ సర్టిఫికెట్ మామూలు నడక దారులకి. తాడు వాడాల్సి వచ్చే ఇలాంటి చోటికి మౌంటెనీరింగ్ అండ్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్ అర్హత ఉన్నవాళ్ళు కావాలి. ఒక గైడ్‌కి ఎంతమంది అనేది కూడా ముందే తేల్చుకోండి, పదిమందికి ఒకడంటే దండం పెట్టేయండి. గాలి ఎక్కువైతే దారి మారుస్తారా అని అడిగితే తడుముకోకుండా "మారుస్తాం" అనాలి.

క్రిబ్ గోఖ్ వదిలేసి పిగ్ ట్రాక్ అనే నడక దారిలో పైకెక్కి, ఇ లివెద్ అనే పక్క శిఖరం (898 మీటర్లు) మీదుగా దిగినా రోజంతా పడుతుంది. అందులోనూ చేతులు వాడే చోట్లు ఉన్నాయి, కానీ గుండె జారిపోయేంత కాదు.

మంగళగిరి మెట్లు కాళ్ళకి సరిపోతాయి, లోయ భయానికి కాదు. వెళ్ళేలోపు ఒకసారి భువనగిరి రాక్ క్లైంబింగ్ స్కూల్లో రాయెక్కి చూడండి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట నేర్చుకున్నది అక్కడే.

కృష్ణలంక_టు_లివర్‌పూల్:
ఇంకోటి, పిన్నిగారిని కొండ కింద ఉన్న లాన్‌బెరిస్ ఊళ్ళో కొండ రైలెక్కించండి. 1896 నుంచీ నడుస్తోంది, వాతావరణం బాగుంటే దాదాపు శిఖరం దాకా పోతుంది. టికెట్ మాత్రం ముందే తీసుకోండి. జులై అయినా పైన చలి కొరికేస్తుంది, ఇద్దరూ స్వెట్టర్లు, వాన జాకెట్లు పెట్టుకోండి.

పటమటవాసి:
రైలు మాట వినగానే మా ఆవిడ గొంతు మారింది, ఇప్పుడు నాకంటే తనకే తొందర. అర్హత సంగతి, ఎంతమందికో అడిగి మెయిల్ పెట్టమని పెద్దాడికి చెప్పాను. నాకూ పెద్దాడికీ విడిగా గైడ్ దొరక్కపోతే పిగ్ ట్రాకే.