యాక్సెస్ నేర్చుకోవడానికి దేన్ని నమ్మాలి: వీడియోలనా, ఏఐనా, పాత ఫోరమ్‌లనా?

తణుకు_కొట్టు:
మాది ఎరువుల దుకాణం. స్టాకు, రైతుల అప్పులు ఎక్సెల్‌లో రాస్తున్నాం. వాటిని మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోకి మార్చాలని కూర్చున్నాను. తెలుగు వీడియోలు చూసి టేబుల్, ఫారం వరకు చేశాను, ఆపైన ముందుకు పోవడం లేదు. మా అబ్బాయి ఏఐని అడిగితే చాలంటున్నాడు. మీరేమంటారు?

శ్రావణి_డేటా:
ఏఐనే అడగండి అన్నా. వీడియో మన సందేహానికి జవాబు చెప్పదు. ఇది తెలుగులో అడిగినా చెబుతుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఇంగ్లిష్ ఫోరమ్‌లో ఒకసారి కసురుకున్నారంటే కొత్తవాళ్లు మళ్లీ అటు వెళ్లరు.

పాత_వీబీఏ:
విసుక్కోదు, నిజమే. చెప్పింది యాక్సెస్‌లో నడుస్తుందా అన్నదే నా భయం. చాలాసార్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే వేరే డేటాబేస్‌కి సరిపోయే కోడ్ ఇస్తుంది. షరతు పెట్టడానికి యాక్సెస్‌లో కేస్ వెన్ లేదు, ఐఐఎఫ్ వాడాలి. కేస్ వెన్ రాస్తే ఎర్రర్ వస్తుంది, తెలిసిపోతుంది. పేరులో కొంత భాగంతో వెతికే లైక్ పక్కన నక్షత్రం గుర్తుకి బదులు శాతం గుర్తు పెడితే మామూలుగా ఎర్రర్ కూడా రాదు, ఖాళీ జాబితా వస్తుంది. బాకీ ఉన్న రైతు పేరు వెతికితే లేడని చూపిస్తుంది.

తేదీలైతే ఇంకా ప్రమాదం. డేటాను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో, మే 4 అనుకుని #04/05/2024# అని రాస్తే, మన విండోస్‌లో తేదీ ఏ వరసలో ఉన్నా, యాక్సెస్ దాన్ని ఏప్రిల్ 5 అనుకుంటుంది. #25/05/2024# రాస్తే 25వ నెల లేదు కాబట్టి మే 25గా తీసుకుంటుంది. అంటే ప్రతి నెలా 12వ తేదీ వరకు రోజు, నెల తారుమారు, 13 నుంచి సరి. కోడ్ రాయకుండా గడుల్లో నింపే క్వెరీ డిజైన్ గ్రిడ్‌లో మాత్రం విండోస్‌లో పెట్టుకున్న మన పద్ధతిలో టైప్ చేసినా సరిగ్గానే తీసుకుంటుంది. అందుకే వీడియోలో కుదిరింది కోడ్‌లో కుదరదు. #2024-05-04# అని సంవత్సరం ముందు రాస్తే ఈ గొడవ ఉండదు. ఇవన్నీ నాకు పాత ఫోరమ్ జవాబుల్లోనే దొరికాయి.

శ్రావణి_డేటా:
పాత జవాబులన్నీ ఇప్పటికి పనికొస్తాయా సార్? 32 బిట్ ఆఫీస్ రోజుల్లో రాసిన డిక్లేర్ లైన్లు (విండోస్ ఫంక్షన్లను పిలిచేవి), పీటీఆర్‌సేఫ్ అనే మాట చేర్చకపోతే, 64 బిట్‌లో కంపైలే కావు. ఏ వెర్షనో, టేబుల్స్ ఏవో ముందే చెబితే ఏఐ జవాబు చాలావరకు మెరుగుపడుతుంది.

లైబ్రరీ_మాస్టారు:
అసలు పని దగ్గర ఇద్దరూ ఆగలేదు. తణుకు గారూ, మీ ఎక్సెల్‌లో ఒక్కో రైతుకి ఒక్కో వరుస, నెలకో కాలమ్ ఉందా? దాన్ని అలాగే యాక్సెస్‌లోకి తెస్తే ఎవరి జవాబూ మిమ్మల్ని కాపాడదు. యాక్సెస్ కొత్త వెర్షన్లలో నార్త్‌విండ్ స్టార్టర్ ఎడిషన్ అనే టెంప్లేట్ ఉంది. తెరిచి కస్టమర్లు, ఆర్డర్లు, ఆర్డర్ వివరాలు వేర్వేరు టేబుల్స్‌గా ఎందుకున్నాయో, టేబుల్స్ మధ్య సంబంధాలు చూపే రిలేషన్‌షిప్స్ విండోలో చూడండి. మైక్రోసాఫ్ట్ పేజీలు ఫంక్షన్ల వివరాలకు గట్టివే, కానీ మీ కొట్టు లెక్కకి ఎన్ని టేబుల్స్ కావాలో చెప్పవు. "మీ టేబుల్స్ చూపించండి" అని ముందు అడిగే మనిషినే నేను నమ్ముతాను.

తణుకు_కొట్టు:
నెలకో కాలమే ఉంది మాస్టారూ. రైతులు, బిల్లులు, బిల్లులో సరుకులు, జమలు అని నాలుగు టేబుల్స్ చేస్తే సరిపోతుందా?

లైబ్రరీ_మాస్టారు:
సరుకుల పేర్లకు ఇంకొకటి చేర్చండి.

పాత_వీబీఏ:
ఫైలు కాపీ తీసి దాని మీదే పరీక్షించండి. 5వ తేదీ బిల్లు ఒకటి, 25వ తేదీ బిల్లు ఒకటి తప్పకుండా పెట్టండి.