"ఆయన తల్లి అల్సేషన్" అని అచ్చు వేయొచ్చా?

ఒక అనువాదం ప్రూఫులు దిద్దుతున్నాను. రెండో అధ్యాయం మొదట్లోనే ఈ వాక్యం తగిలింది: "ఆయన తండ్రి స్విస్, తల్లి అల్సేషన్." ఇంగ్లీషు మూలంలో అలాగే ఉందట, అనువాదకులు మార్చనంటున్నారు. నాకేమో ఆ మాట వినగానే నిక్కబొడుచుకున్న చెవులూ, బయటికి వేలాడే నాలుకా తప్ప ఇంకేం కనబడటం లేదు. దీనికి కుక్క కాక వేరే అర్థం ఉందా? పనిలో పని, అల్సేషనూ జర్మన్ షెపర్డూ ఒకటేనా, రెండు జాతులా?

— ఒకటే కుక్కండీ, పేర్లే రెండు. మా ఇంట్లో పెద్దవాళ్లు అల్సేషన్ అంటారు, పిల్లలు జర్మన్ షెపర్డ్ అంటారు. రెండూ కాదని మా అమ్మ పోలీసు కుక్క అంటుంది.

— మీ అనువాదకులు తప్పు రాయలేదు. తెలుగు పాఠకుణ్ణి మర్చిపోయారు, అంతే. అల్సాస్ అని ఒక ప్రాంతం ఉంది. ఫ్రాన్సుకు తూర్పు అంచున, రైన్ నదికీ వోజ్ కొండలకీ మధ్య. స్ట్రాస్‌బర్గ్ అక్కడి పెద్ద పట్నం. ఆ ప్రాంతపు మనిషిని, ఆ మాండలికాన్ని, అక్కడి దేన్నయినా ఇంగ్లీషులో అల్సేషన్ అనే అంటారు. కుక్కకి ఆ పేరు తర్వాత వచ్చింది. మనకి ప్రాంతం రాలేదు, మనుషులు రాలేదు, కుక్క ఒక్కటే వచ్చింది. అందుకని తెలుగులో ఆ మాటకి ఒకటే అర్థం మిగిలింది.

తమాషా ఏమిటంటే, ఆ కుక్క అల్సాస్‌లో పుట్టింది కాదు. 1899లో మాక్స్ ఫోన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఒక కుక్కను చూసి ముచ్చటపడి కొన్నాడు. దాని పేరు హొరాండ్ అని మార్చి, ఆ ఏడాదే ఒక సంఘం పెట్టి, ఆ జాతి పట్టికలో మొదటి పేరుగా దాన్నే రాయించాడు. అంటే కుక్క పక్కా జర్మన్. మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక బ్రిటన్‌లో జర్మన్ అన్న మాట వింటేనే మంట. 1917లో రాజుగారే తన జర్మన్ ఇంటిపేరు తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నారు. రాజుకి తప్పనిది కుక్కకి తప్పుతుందా! అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని అల్సేషన్ వుల్ఫ్ డాగ్ అని నమోదు చేసింది. కొన్నాళ్లకి తోడేలు కూడా బాగా లేదనిపించి ఆ ముక్క తీసేశారు, అల్సేషన్ మిగిలింది. నిజానికి యుద్ధం జరుగుతున్నన్నాళ్లూ అల్సాస్ జర్మనీ చేతిలోనే ఉంది. 1871లో పోయింది, యుద్ధం ముగిశాక గానీ ఫ్రాన్సుకి తిరిగి రాలేదు. జర్మన్ వాసన పోగొట్టడానికి వెతికి వెతికి ఆ పేరే పట్టుకున్నారు. 1977లో గానీ ఆ క్లబ్బు జర్మన్ షెపర్డ్ అన్న పేరుని మళ్లీ ఒప్పుకోలేదు. మన పెద్దవాళ్ల నోట అల్సేషన్ స్థిరపడటానికి ఇంగ్లీషువాళ్ల ఈ పట్టుదలే కారణం అనుకుంటాను.

మీ వాక్యం "తండ్రిది స్విట్జర్లాండ్, తల్లిది అల్సాస్" అని రాస్తే సరిపోతుంది. తెలుగులో ఊళ్ల సంగతి అలాగేగా చెబుతాం.

— రాట్‌వైలర్ కూడా ఇలాంటిదే కదండీ? రాట్‌వైల్ అనే జర్మన్ ఊరిది రాట్‌వైలర్. డాబర్మాన్ మాత్రం మనిషి ఇంటిపేరు. ఆయన పన్నులు వసూలు చేసేవాడని చదివాను.

— అవునండీ. లూయీ డాబర్మాన్, అపోల్డా ఊరు. పన్నుల వసూలుకి తోడుగా కుక్క ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

— మళ్లీ నేనే. "తల్లిది అల్సాస్" ఖాయం చేశాం, ధన్యవాదాలు. కానీ తొమ్మిదో అధ్యాయంలో నిజంగానే కుక్క వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "గేటు దగ్గర జర్మన్ గొర్రెల కాపరి మొరిగాడు."

— అయ్యో పాపం కాపరి!

— నవ్వుకున్నాను గానీ, ఇందులో ఇంగ్లీషు పేరు తప్పు కూడా ఉంది. జర్మన్‌లో దాని పేరు డోయ్‌చర్ షేఫర్‌హుంట్. షాఫ్ అంటే గొర్రె, షేఫర్ అంటే గొర్రెల కాపరి, హుంట్ అంటే కుక్క. కాపరి దగ్గరుండే కుక్క అన్నమాట. ఇంగ్లీషువాళ్లు వాడుకలో చివరి కుక్కని వదిలేశారు, కాపరి ఒక్కడే మిగిలాడు. వాళ్లకి అలవాటైపోయింది కాబట్టి నవ్వు రాదు. తెలుగులో కాపరి అంటే భుజాన గొంగడి వేసుకున్న మనిషే, కాబట్టి మొరిగితే బాగుండదు.

ఆ హుంట్‌ని కాస్త ఆగి చూడండి. ఇంగ్లీషు హౌండ్, లాటిన్ కానిస్, సంస్కృతం శ్వన్, అన్నీ దాని చుట్టాలే, ఒకే మూలం. మన శ్వానం, శునకం అక్కణ్ణించి వచ్చినవే. శ్వన్‌కి షష్ఠి శునః, కుక్కయొక్క. వేదకథల్లోని శునఃశేపుడి పేరులో ఉన్నది అదే. ఐతరేయ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో అతని అన్నదమ్ములు శునఃపుచ్ఛుడు, శునోలాంగూలుడు. ముగ్గురి పేర్లకీ అర్థం కుక్కతోకే. ఆ తండ్రి ఏ మూడ్‌లో పెట్టాడో!

— మరి కాపలా కుక్కని గొర్రెల కుక్క అనడమేమిటండీ? ఆ రెండు పనులకీ పోలికే లేదే.

— తెలుగులో ఉందండీ. గొర్రెల్ని కాస్తాం, ఇల్లూ కాస్తాం. కాపరి, కావలి, కాపలా, కాపుదల, అన్నీ ఆ కాచు కుటుంబంలోవే. ఆ కుక్క చేసిన పని కూడా అలాంటిదే. కంచె లేని చోట మంద చేలో పడకుండా గట్టు వెంబడి రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. దానికి హద్దు తెలుసు, హద్దు దాటినదాన్ని తరుముతుంది. ఇంటి గేటు దగ్గర చేసేదీ అదే, కాకపోతే లోపలివాళ్లని బయటికి పోనివ్వకపోవడం బదులు బయటివాళ్లని లోపలికి రానివ్వదు.

— ఇంత గొడవ ఎందుకు, జాగిలం అనొచ్చుగా? పేపర్లలో చూస్తూనే ఉంటాం, "జాగిలాలతో తనిఖీలు" అని.

— జాగిలం అసలు వేటకుక్క. పత్రికలవాళ్ల పుణ్యమా అని పోలీసు ఉద్యోగంలో చేరింది. ఇంటి గేటు దగ్గర కట్టేసిన దాన్ని జాగిలం అంటే, లోపల ఎవరో బాంబు పెట్టారేమో అనిపిస్తుంది నాకు. ఆ వాక్యంలో జాతి కథకి అవసరమైతే జర్మన్ షెపర్డ్ అని ఉంచెయ్యండి, అవసరం లేకపోతే కాపలా కుక్క చాలు.

— అనువాదకులతో ఇప్పుడే మాట్లాడాను. మొత్తానికి దిగొచ్చారు. "మొరిగాడు" తీసేసి "మొరిగింది" చేశారు. కాపరి మాత్రం కదల్లేదు.