అప్‌డేట్: ఉద్యోగం పోయింది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను కదా

మా టీమ్ మొత్తాన్ని తీసేశారు, రెజ్యూమె తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది అని అప్పుడు రాశాను. జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఉద్యోగం ఇంకా రాలేదు. ఒక చోట రెండో రౌండ్ దాకా వెళ్ళాను, ఫలితం కోసం చూస్తున్నాను.

బాగా పనికొచ్చిన సలహా, ముఖపరిచయం ఉన్నవాళ్ళనూ అడగమన్నది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఈ సంగతి వివరించారు: దగ్గరివాళ్ళకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయాల నుంచి వస్తుంది. నేను "ఉద్యోగం ఇప్పించండి" అనలేదు. "మీ దగ్గర ఈ పని ఎలా ఉంటుందో కాసేపు చెప్పగలరా?" అని అడిగాను. చాలామంది సంతోషంగా మాట్లాడారు. ఈ ఇంటర్వ్యూ కూడా ఎప్పుడో కలిసి పనిచేసిన ఒకావిడ చెప్పగా వచ్చిందే.

రెజ్యూమెలో బాధ్యతల జాబితా తీసేసి, ఏం చేశాను, దానివల్ల ఏం మారింది అని రాశాను. ఇంటర్వ్యూ కోసం పరిస్థితి, నా పని, చేసిన తీరు, ఫలితం అనే వరుసలో నా అనుభవాలను పైకి చెప్పుకుంటూ ప్రాక్టీస్ చేశాను. మనసులో అనుకోవడం వేరు, నోటితో చెప్పడం వేరు. గ్యాప్ గురించి అడిగితే ఒక్కటే మాట: "టీమ్‌ను తీసేశారు, అందులో నా ఉద్యోగమూ పోయింది." పాత కంపెనీని తిట్టకుండా అక్కడే ఆపాలి.

రాత్రిపూట జాబ్ సైట్లు చూడటం మానేశాను, నిద్ర పడుతోంది.

ఇంకో ప్రశ్న. జీతం ఎంత ఆశిస్తున్నారని మొదటి ఫోన్‌లోనే అడిగితే మీరేం చెబుతారు?