కొత్త గేమ్స్ హ్యాండ్‌హెల్డ్‌లో "బాగానే నడుస్తాయి" అనడం ఇక ఆపుతారా?

పిక్సెల్‌పిచ్చోడు

వారానికొకరు ఇక్కడికొచ్చి అదే ప్రశ్న వేస్తున్నారు: "ఫలానా కొత్త గేమ్ స్టీమ్ డెక్‌లో నడుస్తుందా?" కింద నలుగురు "బాగానే నడుస్తుంది బ్రో" అని ఒక ముక్క రాసి వెళ్లిపోతారు. ఎంత బాగా అని అడిగితే మాత్రం పత్తా ఉండరు.

ఎంత బాగో నేను చెప్తాను. డెక్ అంటే చేత్తో పట్టుకుని పీసీ గేమ్స్ ఆడే చిన్న యంత్రం. దాని తెర 1280 బై 800 పిక్సెళ్లు. ఇప్పటి పెద్ద గేమ్‌ని ఆ రిజల్యూషన్‌లో కూడా అది లాగలేదు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఆర్ (చిన్న బొమ్మని సాగదీసి పెద్దది చేసే పద్ధతి) పెర్ఫార్మెన్స్ మోడ్ పెడతారు. అంటే లోపల నిజంగా గీసేది 640 బై 400 బొమ్మ. పిక్సెళ్లలో పావు వంతే అసలు, ముప్పావు ఊహించి పూడ్చినవి. గడ్డి, జుట్టు, దూరంగా ఉన్న కంచె, అన్నీ చీమలు పాకుతున్నట్టు మిణుకుమంటుంటాయి. ఇంతా చేస్తే వచ్చేది సెకనుకి 30 ఫ్రేములు. అదీ ఎవరూ లేనిచోట కదలకుండా నిలబడితే.

డెక్ చిప్‌కి దొరికేది 15 వాట్లు. ప్లేస్టేషన్ 5 పెద్ద గేమ్ ఆడించేటప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది. ఆ గేమ్ తయారైందే అలాంటి పెట్టె కోసం. దాన్ని తెచ్చి 15 వాట్లలో కుక్కి "నడుస్తుంది" అంటున్నారు. అది నడవడం కాదు, దేకడం.

బ్యాటరీ20శాతం

చార్జర్ ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నా. నేనొచ్చేదాకా కొట్టుకోకండి.

రాత్రిపన్నెండు

పిక్సెల్ గారూ, ముక్కు తెరకి ఆనించి చూస్తే ఏ గేమ్‌లోనైనా చీమలు కనిపిస్తాయి. ఏడు అంగుళాల తెర అది. మోచేతులు పొట్టకి ఆనించి పట్టుకుంటే మీరన్న కంచె చిటికెనవేలి గోరంత ఉంటుంది. అందులో అసలెంత, ఊహెంత అని ఎవరు తూకం వేస్తారు? పెద్ద మానిటర్ ముందు కూర్చున్న కళ్లతో చేతిలో బొమ్మని కొలిస్తే ఎలా?

ఇంకోటి, 30 అన్నారు. నేను 30లో ఆడను. తెరని 40 హెర్ట్జ్‌కి (సెకనుకి 40 సార్లు మారేలా) దించి గేమ్‌ని 40 ఫ్రేములకి కట్టేస్తాను. 30కీ 60కీ సరిగ్గా మధ్య అది. తేడా చేతికి తెలుస్తుంది. సైబర్‌పంక్ 2077నే చూడండి. 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు అప్పటి పాత కన్సోళ్ల మీద ఆడలేక జనం తిట్టిపోశారు. టీవీ కింద పెట్టే పెట్టెల సంగతి చెప్తున్నాను. అదే గేమ్ 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2లో చేతిలోకొచ్చింది. చేత్తో పట్టుకుని ఆడేవాళ్లకి పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఇచ్చింది 40 ఫ్రేములే. దాన్ని కూడా దేకడం అంటారా?

లెక్కలమాస్టారు

30కీ 60కీ మధ్య 45 అండి. 40 కాదు.

పాతకార్ట్రిడ్జ్

ఈ గొడవ మీరేదో కొత్తగా మొదలుపెట్టారనుకుంటున్నారు. 1989లో గేమ్ బాయ్ వచ్చింది. తెర 160 బై 144, రంగుల్లేవు, నాలుగు ఛాయలే, వెనక లైటు లేదు. దాని పోటీకి గేమ్ గేర్ రంగుల తెరతో, వెనక లైటుతో దిగింది. ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే మూడు నుంచి ఐదు గంటలు, అంతే. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో రోజుల తరబడి ఆడించేది. ఎవరు గెలిచారో అందరికీ తెలుసు. చేతిలో ఆడేవాడికి బొమ్మ ముఖ్యం కాదు బాబూ, ఆడగలిగే సమయం ముఖ్యం.

పిక్సెల్‌పిచ్చోడు

పాత గారు తెలియకుండానే నా పక్షాన మాట్లాడారు. గేమ్ బాయ్ ఆటలు గేమ్ బాయ్ కోసం చేసినవి. ఆ 160 బై 144లో ఏ అక్షరం ఎంతుండాలో ఆలోచించి గీశారు. ఇప్పటి కొత్త గేమ్స్ అలా చేస్తున్నారా? డెక్‌లో వెరిఫైడ్ అని ఆకుపచ్చ గుర్తు రావాలంటే 1280 బై 800లో అతి చిన్న అక్షరం కూడా 9 పిక్సెళ్ల ఎత్తుకి తగ్గకూడదని నియమం పెట్టారు. నియమం పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి. ఇన్వెంటరీ తెరిస్తే ఏది కత్తో ఏది మందో తెలియక తెరని ముఖం దగ్గరికి లాక్కునేది నేనొక్కడినేనా?

సమయం అన్నారు కాబట్టి అదీ చూద్దాం. మొదటి డెక్ బ్యాటరీ 40 వాట్ అవర్లు, 2023 నవంబర్‌లో వచ్చిన ఓలెడ్ తెర డెక్‌లో 50. చిప్, తెర, ఫ్యాన్ అన్నీ కలిపి 20 వాట్లు దాటి లాగే కొత్త గేమ్ పెట్టి భాగించి చూడండి. ఎక్కువలో ఎక్కువ రెండు, రెండున్నర గంటలు. మీరు వెక్కిరించిన గేమ్ గేర్ కంటే తక్కువ.

ముందుముందు ఇంకా కష్టం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మే డూమ్, రెండింట్లోనూ రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) ఆపేసే బటనే లేదు. ఆ బరువు తప్పనిసరి. సెట్టింగ్స్ ఎంత కిందికి దించినా అక్కడ నేల తగులుతుంది.

రాత్రిపన్నెండు

@లెక్కలమాస్టారు: ఫ్రేముల్లో కాదు మాస్టారూ, సమయంలో చూడాలి. 30లో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది. 60లో 16.7. రెండింటికీ మధ్య 25. 25 మిల్లీసెకన్లంటే 40 ఫ్రేములు. కంటికీ చేతికీ తెలిసేది ఎదురుచూపు, సంఖ్య కాదు.

@పిక్సెల్: అందుకే గ్రాఫిక్స్ తగ్గించి 9, 10 వాట్లకి కట్టేస్తాం. మూడు గంటలు వస్తుంది. అన్నీ చివరికంటా పెంచి బ్యాటరీ లేదని ఏడిస్తే ఎలా?

లెక్కలమాస్టారు

మీరు పైన "30కీ 60కీ సరిగ్గా మధ్య" అని రాశారు. మిల్లీసెకన్లు అని రాయలేదు. 30, 60 కూడి రెండుతో భాగిస్తే 45. నాకు గేమ్స్‌తో పని లేదు, లెక్క తప్పు రాస్తే చూస్తూ ఊరుకోలేను.

కొత్తచేయి

అన్నలూ, బ్యాటిల్‌ఫీల్డ్ 6 డెక్‌లో వస్తుందా?

బ్యాటరీ20శాతం

చార్జర్ దొరికింది. @కొత్తచేయి, డెక్‌తో వచ్చే స్టీమ్ఓఎస్‌లో రాదు, ఆ గేమ్‌లో మోసగాళ్లని పట్టే యాంటీ చీట్ ఒప్పుకోదు. ఈ థ్రెడ్‌లో అందరం ఒప్పుకునే సంగతి ఇదొక్కటే.

మిగతా వాటికి నా మాట: కొన్నిసార్లు పెద్ద పీసీ కంటే డెక్కే నయం. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు మంచి గ్రాఫిక్స్ కార్డులున్న వాళ్లకి కూడా మధ్యమధ్యలో కుదుపులొచ్చాయి. డెక్‌లో షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ చిప్ వాడే చిన్న ప్రోగ్రాములు) ముందే సిద్ధంగా వస్తాయి కాబట్టి అవి చాలా తగ్గాయి. వాట్లతోనే అన్నీ తేలవు పిక్సెల్ అన్నా.

పిక్సెల్‌పిచ్చోడు

నాలుగేళ్ల కిందటి గేమ్ తెచ్చి సాక్ష్యం పెడితే ఏం చెప్పను? టైటిల్ చూడండి, "కొత్త గేమ్స్" అని రాశాను.

9 వాట్లలో కొత్త గేమ్ అంటున్న రాత్రి గారు ఏ గేమో, ఏ సెట్టింగో, ఎక్కడ నిలబడి కొలిచారో చెప్పరు. చెప్పలేరు. అసలు సంగతేంటంటే మీలాంటివాళ్లకి గేమ్ ఎలా ఉందన్నది పట్టదు. పడుకుని చేతిలో ఏదో కదులుతుంటే చాలు. దానికి కొత్త గేమ్ ఎందుకండీ, ఫోన్‌లో రీల్స్ తిప్పుకోవచ్చుగా?

పాతకార్ట్రిడ్జ్

ఈ మాట అనాల్సింది కాదు.

రాత్రిపన్నెండు

చెప్తాను. ఎక్కడ నిలబడి కొలిచానో కూడా చెప్తాను.

నిలబడలేదు, పడుకున్నాను. ఎడమ చెయ్యి మీద పది నెలల పిల్ల. కదిపితే లేస్తుంది. అందుకని ఎడమ బొటనవేలు ఒక్కటి స్టిక్ మీద ఉంటుంది, ముంజెయ్యి తిమ్మిరెక్కి చాలాసేపవుతుంది. బ్రైట్‌నెస్ అడుగుకి దించేస్తాను. ట్రిగ్గర్ చివరిదాకా నొక్కితే టక్కుమంటుంది కాబట్టి సగమే నొక్కడం అలవాటైంది. నేను 9 వాట్లకి ఎందుకు కట్టానో తెలుసా? బ్యాటరీ కోసం కాదు. 15 పెడితే ఫ్యాన్ గుయ్యిమంటుంది, పిల్ల లేస్తుంది. మొన్న ఒక బాస్‌తో సగం పోరాటంలో ఉండగా ఏడిచింది. పైనున్న పవర్ బటన్ నొక్కి గేమ్‌ని ఉన్నచోటే ఆపేసి పక్కన పడేశాను. మళ్లీ తెరిచింది మూడు రోజుల తర్వాత. నా వాడు కత్తి ఎత్తి గాలిలోనే ఉన్నాడు, నేను ఏ బటన్ నొక్కబోయానో గుర్తులేదు. చచ్చాను. నవ్వుకున్నాను.

రోజుకి ఇరవై నిమిషాలు. అలా నాలుగు నెలల్లో ఒక గేమ్ పూర్తి చేశాను. అది లేకపోతే ఈ ఏడాది నేను ఒక్క గేమ్ కూడా ఆడేవాణ్ణి కాదు. మీరు మానిటర్ ముందు కుర్చీలో కూర్చుని నేను ఆడింది ఆట కాదంటున్నారు. సరే, కాదు. సంతోషమేనా?

కొత్తచేయి

😶

మోడరేటర్

వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఇంకోసారి ఇలాగే సాగితే థ్రెడ్‌కి తాళం వేస్తాను.

పిక్సెల్‌పిచ్చోడు

తాళం వేసే ముందు ఒక్క మాట రాయనివ్వండి.

మానిటర్, మానిటర్ అని రెండుసార్లు అన్నారు. నా దగ్గర మానిటర్ లేదు. అమ్మేశాను. పీసీ కూడా అమ్మేశాను.

మొన్న వేసవిలో ఇదే చోట అడిగాను, వేరే పేరుతో ఉండేవాణ్ణి. గదిలో చోటు లేదు, పీసీ తీసేసి హ్యాండ్‌హెల్డ్ ఒక్కటే ఉంచుకుందామనుకుంటున్నాను, ఫలానా గేమ్ కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను, అది బాగా ఆడుతుందా అని. గేమ్ పేరు ఇప్పుడొద్దు. మొదటి జవాబు: "సూపర్‌గా ఆడుతుంది, కళ్లు మూసుకుని తీసుకో బ్రో." దాని కింద పద్నాలుగు లైకులు.

మొదటి ఊరు, అడవి, నిజంగానే ఫర్వాలేదు. 40 వచ్చింది. నేనూ పొంగిపోయాను. తర్వాత కథ పెద్ద నగరంలోకి వెళ్లింది. సంతలో వంద మంది మనుషులు. 22. ఒక వీధి మలుపు తిరిగితే 19. రెండు సాయంత్రాలు సెట్టింగ్స్‌లోనే గడిపాను, నీడలు తీసేశాను, జనాన్ని తగ్గించాను. ఇక వద్దు, డబ్బు వెనక్కివ్వండని స్టోర్‌ని అడిగితే ఆడిన గంటలు హద్దు దాటాయన్నారు. అది వాళ్ల తప్పు కాదు, ముందే రాసి ఉంది. పీసీ కొన్నవాడు నాకు వెనక్కిస్తాడా?

ఆ "సూపర్‌గా ఆడుతుంది" రాసింది మీరే రాత్రి గారూ. ఇప్పుడు వెళ్లి వెతకండి, ఉంది. మీకు పిల్ల ఉందని, సగం ట్రిగ్గర్ నొక్కుతున్నారని, ఇరవై నిమిషాలే ఆడతారని ఆ రోజు రాసి ఉంటే నేను నా లెక్క నేను వేసుకునేవాణ్ణి. మీరు సర్దుకున్నారు. తప్పు లేదు. సర్దుకున్నానని రాయకుండా బాగుందని రాశారు.

బ్యాటరీ20శాతం

ఆ పద్నాలుగు లైకుల్లో ఒకటి నాదే అనుకుంటా. నేనా గేమ్ కొననే లేదు.

లెక్కలమాస్టారు

ఈ విషయంలో పిక్సెల్ గారితో ఏకీభవిస్తున్నాను. మాట కచ్చితంగా రాయాలి. ఉదాహరణకి 45.

రాత్రిపన్నెండు

వెతికాను. నేనే రాశాను.

ఆ రోజుకి ఆ గేమ్ నేను నాలుగు గంటలు ఆడి ఉంటాను. అడవి కూడా దాటలేదు. నగరానికి చేరింది తర్వాత రెండు నెలలకి. అక్కడ నాకూ 20 చూపించింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకేమీ అనిపించలేదు, ఎందుకంటే నాకు వేరే దారి లేదు. మీకు ఉండేది.

రీల్స్ మాటకి మాత్రం నాకింకా కోపంగానే ఉంది.

పిక్సెల్‌పిచ్చోడు

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

రాత్రిపన్నెండు

పాత జవాబు మార్చాను. ఇలా ఉంది ఇప్పుడు: "సవరణ: మొదటి నాలుగు గంటలు చూసి రాసింది ఇది. 9 వాట్లలో, సెట్టింగ్స్ అన్నీ అడుక్కి దించి, ఎఫ్‌ఎస్‌ఆర్ పెర్ఫార్మెన్స్‌లో, అడవిలో 40. నగరంలో అవే సెట్టింగ్స్‌తో 20 చుట్టూ, కొన్ని వీధుల్లో ఇంకా తక్కువ. చిన్న అక్షరాలు కష్టం. రోజుకి కాసేపు, చీకట్లో ఆడేవాడిగా నాకు సరిపోయింది. పీసీ ఉన్నవాళ్లు దీని కోసం అమ్ముకోవద్దు."

పిక్సెల్‌పిచ్చోడు

చూశాను. అడవిలో 40 అన్నప్పుడు తెరని కూడా 40 హెర్ట్జ్‌లో పెట్టారా, లేక 60లోనే ఉంచి గేమ్‌ని కట్టారా? అది కూడా రాయండి. రెండూ ఒకలా ఉండవు.